మరవ ఎత్తు

నాలుగు చక్రాలకూ బలం అందే బండి ఇంటికి వచ్చాక ప్రయాణం గురించిన ఆలోచనే మారిపోతుంది. మామూలు కారు ఉన్నప్పుడు రోడ్డు ఎంతవరకు ఉంటే అంతవరకే మనసు పోయేది. ఇప్పుడు రోడ్డు అయిపోయిన చోటే మనసు మొదలవుతుంది. బెంగళూరులో ఉంటున్న మేము ఈ సంక్రాంతి దాటాక చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల మీదుగా ఇంటిల్లిపాదీ తిరిగి రావాలని అనుకుంటున్నాం. పటం ముందేసుకుని కూర్చున్నప్పటి నుంచి నన్ను ఒకటే ప్రశ్న వెంటాడుతోంది. ఎక్కడికైనా పోగల బండి చేతిలో ఉన్నప్పుడు, ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పాలి?

దారి అయితే దాదాపు కుదిరింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం చేరి, నంది ఊళ్ళో భోగనందీశ్వరుణ్ణి చూసి, పేరేసంద్ర దగ్గర పక్కకు తిరిగి గుడిబండ కోట. అక్కణ్ణించి బాగేపల్లి, గడిదం వెంకటరమణస్వామి, పాళెగాళ్ళు ఏలిన గుమ్మనాయకనపాళ్యం. ఆ తర్వాత చేలూరు మీదుగా చింతామణి, కైలాసగిరి గుహలు, చివరికి కైవారం. పెద్ద ఊళ్ళ మధ్య అంతా తారు రోడ్డే. మా బండికి పని ఉండేది ఆ రోడ్డు మీంచి చీలిపోయే మట్టి దావల్లో.

ఇలాంటి బండి నడిపేవాళ్ళు మొదట నేర్చుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. ఒకటి, మా బండిలాంటి వాటిలో ఆ నాలుగు చక్రాల బలాన్ని పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే వేగానికి బిగించేస్తే, జారడానికి మట్టి లేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఈ బలం బండిని కదిలించడానికే గానీ ఆపడానికి కాదు. బ్రేకు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ పడుతుంది. అంటే బురదలో మనకు మిగతావాళ్ళకు లేని సత్తువ వస్తుంది కానీ, ఆగే శక్తి మాత్రం అందరితో సమానమే. ముందుకు పోయే శక్తి డబ్బు పెడితే దొరుకుతుంది. ఆగే శక్తిని మనమే తెచ్చుకోవాలి.

ఆ శక్తి అక్కడికక్కడ పుట్టదు. స్టీరింగు చేతిలో ఉండి, వెనక సీట్లో పిల్లలు కేరింతలు కొడుతుంటే, ఎదురుగా ఇసుక ఏరు కనిపిస్తే, 'దాటేద్దాం' అన్న మాటే ముందు నోటికి వస్తుంది. అందుకే ప్రయాణానికి వేసుకునే ప్రణాళికలో అసలు విషయం ఎక్కడికి పోవాలన్నది కాదు. వేడెక్కిన మనసు సరిగ్గా తేల్చలేని సంగతుల్ని, చల్లగా ఉన్నప్పుడే ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం.

ఈ సీమకు ఆ తెలివి కొత్తది కాదు. 1478 మీటర్ల నంది కొండ చుట్టుపక్కల పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు పుడతాయి. పుట్టిన చోట మాత్రం ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఏరు ఎక్కువ నెలలు ఇసుకే. అందుకే పూర్వీకులు చెరువులు తవ్వుకున్నారు. ప్రతి చెరువుకూ కట్ట, తూము, మరవ ఉంటాయి. మరవ అంటే నిండిన నీళ్ళు పొర్లిపోయే రాతి గోడ. కట్ట కంటే అది ఎంత దిగువన ఉండాలో చెరువు కట్టే రోజే తేల్చారు. వాన ముంచుకొచ్చిన రాత్రి మరవ ఎత్తు గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించినా చేయగలిగింది లేదు. 2021 నవంబరు వానలకు ఎన్నో ఏళ్ళుగా ఎండిన చెరువులు కూడా మరవ పారాయి. నీళ్ళు అంత ఉధృతంగా వచ్చిన రోజుల్లో ఊళ్ళను కాచింది, వాటికి ఎక్కడ దారి వదలాలో ఎప్పుడో తేల్చిపెట్టిన చెయ్యి.

చిక్కబళ్ళాపురం దాపునే ఉన్న ముద్దేనహళ్ళిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టాడు. ఆయన పెద్దలు తెలుగు నేల మీది మోక్షగుండం నుంచి వచ్చినవారు. భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని 1934లోనే పుస్తకం రాసిన మనిషి ఆయన. దానికి మూడు దశాబ్దాల ముందు, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన తలుపులు నీటిమట్టం హద్దు దాటగానే వాటంతట అవే తెరుచుకునేవి. ఎవరో పరుగెత్తుకొచ్చి తెరవాల్సిన పని లేదు. చెరువుల సీమలో పెరిగినవాడికి ఆ ఊహ రావడం నాకు ఎంతో సహజంగా కనిపిస్తుంది. ముద్దేనహళ్ళిలో ఆయన సమాధి దగ్గర మా పిల్లలకు ఆ తలుపుల సంగతి చెప్పాలని నా కోరిక.

ఇక మారుమూల అన్న మాట. మనకు మారుమూల అయింది అక్కడి వాళ్ళకు ఇంటి ముందు దావ. తెల్లవారుజామున ఆ దావ మీదే పాల క్యాన్లు డైరీకి పోతాయి. పట్టుగూళ్ళ సంచులు మోటారు సైకిలెక్కి శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాయి. టమాటా పెట్టెలు బొలెరో పికప్పులో చింతామణికి చేరతాయి. వాన తడి ఆరని ఎర్రమట్టిలో మన బండి చక్రం జానెడు లోతున గాడి కోస్తుంది. బలంగా ఆడించి బయటపడతాం, వీడియో కూడా తీసుకుంటాం. ఎండ కాసేసరికి ఆ గాడి రాయిలా గట్టిపడుతుంది. మర్నాడు చీకట్లో పాలు తీసుకుపోయే ఆమె స్కూటరు చక్రం అందులో దిగుతుంది. బండి దాటగలిగిందా లేదా అన్న లెక్కలో ఆమె ఎక్కడా కనిపించదు. ఆమెను లెక్కలోకి తెచ్చుకోవాలంటే బయల్దేరక ముందే తలచుకోవాలి.

ఈ దారుల్లోనే కైవారం తాతయ్య అని పిలుచుకునే నారేయణ యోగి గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడని చెబుతారు. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే ఈ సీమ మొత్తానికీ ఆయన సొంత మనిషి. కాలినడకన పోయేవాడు ప్రతి గడప దగ్గరా ఆగాలి, నీళ్ళు అడగాలి, దారి అడగాలి. అవసరమే ఆయన్ను ఊళ్ళతో కలిపింది. మన బండికి ఆ అవసరం లేదు. కాబట్టి ఆగడం, అడగడం మనమే నియమంగా పెట్టుకోవాలి.

అందుకే మేమంతా కూర్చుని కొన్ని హద్దులు వేసుకున్నాం. పారే నీళ్ళలోకీ ఏటి ఇసుకలోకీ బండి దించం. తడి ఉంటే చెరువు కట్ట ఎక్కం. గెనాల మీద, కోతకొచ్చిన చేల పక్కన నడుస్తాం. తారు రోడ్డు మీద రాగి, ఉలవ కట్టె పరిచి ఉంటే ఆగి, వాళ్ళు సరేనంటేనే నెమ్మదిగా పోతాం. ఎండు కట్టె అడుగున చుట్టుకుంటే నిప్పంటుకునే ప్రమాదం మనకూ ఉంది. దావ చీలిన ప్రతిచోటా ఫోను చూసే ముందు మనిషిని అడుగుతాం. 'ఈ దావ యాడికి పోతుందన్నా?' అంటే 'వాన పడకపోతే పాళ్యం దాకా పోతారు సామీ, పడితే ఈడనే నిలిచిపోతారు' అని ఒక్క ముక్కలో చెప్పగల జ్ఞానం ఏ పటంలోనూ లేదు. అన్నిటికంటే ముఖ్యమైన హద్దు మా అమ్మ నడుము. ఆమె చాలు అన్న చోట చాలు. ఆ మాట చిన్నపిల్ల అన్నా అంతే విలువ, వాదన ఉండదు.

ఇన్ని కట్టుబాట్లుంటే ప్రయాణంలో వింత ఏం మిగులుతుందని మా అబ్బాయి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కానీ మేము కట్టుకున్నది హద్దుల్నే, గంటల్ని కాదు. ఎవరింటి అరుగు మీదైనా సంగటి, ఊరుబిండి పెడితే ఆ పూట అక్కడే. పితికిపప్పు పులుసు రోజులు కాబట్టి ఎవరైనా అనపకాయలు వలుస్తూ కూర్చోమంటే కైలాసగిరి మరోసారి చూసుకుంటాం. దాటకూడనిది ముందే తేలిపోయింది కనుక, మిగతా రోజంతా దేనికీ భయపడకుండా ఎదురొచ్చినదానికి ఇచ్చేయొచ్చు.

రేపు మా పిల్లల చేతికి ఇంతకంటే బలమైన బండ్లు వస్తాయి. బండ్లే కాదు, డబ్బు, పదవి, మనం ఊహించలేని యంత్రాలు కూడా రావచ్చు. ఏ బలం వచ్చినా దానితోపాటే ఆగే శక్తి రాదని, దాన్ని ముందే ఇంట్లో నలుగురితో కూర్చుని కూర్చుకోవాలని వాళ్ళకు తెలియాలి. నేను ఈ ప్రయాణాన్ని ఇంత శ్రద్ధగా రాసిపెట్టుకుంటున్నది అందుకే.