నొప్పి మనసులోదేనా?

గూడెం జనానికి ఒళ్లునొప్పులు తెలీవని ఊళ్లో మాట. మొద్దు ఒళ్లంట! ఈ మాట మన కామందులదే కాదు. 2016లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 222 మంది తెల్ల వైద్య విద్యార్థుల్నీ, జూనియర్ డాక్టర్లనీ అడిగారు. నల్లవాళ్ల చర్మం మందమనే లాంటి తప్పుడు నమ్మకాల్లో ఒక్కటన్నా నిజమనో, నిజం కావచ్చనో అన్నవాళ్లు దాదాపు సగం. అట్లా నమ్మినవాళ్లే నల్ల రోగి నొప్పిని తక్కువ కట్టారు.

మా అమ్మ ముప్పయ్యేళ్లు కృష్ణా కాలవల కింద నాట్లేసింది, కలుపు తీసింది, మినుము పీకింది. నడుం పట్టేశాక బెజవాడలో ఓ డాక్టరు ఎక్స్‌రే చూసి "ఎముకలో ఏం లేదు, అంతా మనసులోనే" అన్నాడు. "దొంగనొప్పులు పడతన్నానంటాడేంట్రా?" అంది అమ్మ. పనికి రాలేనన్న రోజున కామందు అన్నదీ అదే.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ మాటలో శాస్త్రమెంత, పెత్తనమెంత అని వెతికాను.

శాస్త్రం ఉంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉందన్నారు. మెదడు నుంచి దిగే కబుర్లు దాన్ని తెరవనూ గలవు, మూయనూ గలవు. భయం, దిగులు, ధ్యాస నొప్పిని మారుస్తాయి. మూడు నెలలు దాటిన నొప్పిలో గాయం మానినా నరాలు కేకేస్తూనే ఉండొచ్చు. కదిల్తే పాడవుద్దన్న భయంతో మంచం పడితే కండ తగ్గుద్ది, నొప్పి పెరుగుద్ది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ ముడినే విప్పజూస్తుంది. సగటున మేలు కొద్దిపాటిదేనని 2020లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. కొద్దిపాటిదైనా మేలే.

ఆ ఏడాదే అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం తన నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలంది. అంటే నమ్మకం చికిత్సకి మొదటి మెట్టు. మనసుకి వైద్యం చేసేవాడు ముందు మనకి మనసుందని ఒప్పుకోవాలి. "మనసు కూడా" అనడానికీ "మనసే" అనడానికీ మధ్య ఒక మనిషి మర్యాద ఉంది.

ఇంకొకటి. పనిని కొద్దికొద్దిగా, మధ్యమధ్య ఆగుతూ చెయ్యమంటుంది ఈ వైద్యం. నాట్ల కూలీకి ఆగే హక్కెవడిచ్చాడు? కూలి పోకుండా విశ్రాంతి లేనిచోట, ఓర్చుకోవడం నేర్పే వైద్యం పాత కర్మ సిద్ధాంతమే అవుద్ది.

అట్లాగని కోపంతో మనసు వైద్యాన్నే కాదంటే, అదీ ఊళ్లోవాళ్లకే పోద్ది. విద్యార్థి మిత్రులారా, మనం రెండూ అడగాలి. మండల కేంద్రం ఆస్పత్రిలో మాట వినే మనిషి కావాలి. పొలంలో నడుమెత్తే హక్కు కావాలి.