వివరణ లేని ఉపకరణము

మస్కట్ నగరమున రువీ చెంతనున్న హమ్రియాలో నివసించు తెలుగువారి కంప్యూటరు తెరపై, హైదరాబాదు విమానపు టికెట్టు, రియాలు మారకపు ధర, బిడ్డల పాఠములు అన్నియు ట్యాబులై ఒకే వరుసలో ఇరుకుకొని, ఏది ఎచ్చటనున్నదో తెలియని స్థితి కలుగుచుండును. వాటిని సర్దు ఎక్స్‌టెన్షన్లు అను బ్రౌజరు ఉపకరణములు కలవు. కాని కొన్ని తగిన వివరణ లేకయే మన చేతికి వచ్చును. వివరణ వ్రాయుట ఉపకరణ నిర్మాణములో సగము పని యని నా దృఢాభిప్రాయము.

వివరణ లేనప్పుడేమి చేయవలెను? ముందుగా తెరచిన ట్యాబులన్నిటిని బుక్‌మార్కులుగా భద్రపరచుకొనుడు. పిదప ఒక్క సెట్టింగు మార్చుడు. ఫలితము చూడుడు. ఒక కాగితముపై తెలుగులో ఒక వాక్యము వ్రాసికొనుడు. మరల ఒక్కటే మార్చుడు, చూడుడు, వ్రాసికొనుడు.

పోపులపెట్టెలో ఆవాలకొక గిన్నె, జీలకర్రకొక గిన్నె ఉన్నట్లు, ప్రతి ట్యాబుల గుంపునకు ఒక ప్రయోజనము, ఒక పేరు ఉండవలెను. ‘ఇతరములు’ అను గుంపు మాత్రము వలదు. అది పాత ఇరుకునే మరల తెచ్చును.

ఇట్లు వ్రాసికొనుట ఏల యందురా? 2017లో ఫైర్‌ఫాక్సు బ్రౌజరు తన ఎక్స్‌టెన్షన్ల పద్ధతినే మార్చగా, పూర్వపువెన్నో పనిచేయకపోయినవి. ఉపకరణము పోయినను మీ వ్రాత నిలుచును. నేటి సాయంకాలము విధులు ముగిసిన పిమ్మట, ఆ కాగితమును మీ గదిలోని తోటివారికిని చూపుడు.