మూత సంగతి

మా ఇంట్లో ఊరగాయ జాడీ మూత రాకపోతే మా ఆవిడ నన్ను పిలుస్తుంది. నాకూ రాకపోతే నేను సుత్తిని పిలుస్తాను. బలం ఉండగా బుద్ధితో పనేమిటన్న ధీమా నాకు చిన్నప్పట్నించీ ఉంది. మొన్న ఆదివారం ఆ ధీమా ఒక చిన్న రేకు మూత ముందు ఓడిపోయింది.

మాకో పాత అంబాసిడర్ ఉంది. మా నాన్నగారు 1984లో కొన్నారు. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గాని, ఆ కబురు మా బండికి ఇంకా అందినట్టు లేదు. ఈమధ్య దాని ముందు చక్రం గుర్రుమంటోంది. బేరింగులో గ్రీజు ఎండి ఉంటుంది, మెకానిక్కెందుకు దండగ అని, జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం ఊడదీశాను. నడుమ ఉన్నదే ఆ మూత. దానికి మరలుండవు. హబ్బులోకి బిగుతుగా దిగగొడతారు. లోపలి గ్రీజు బయటికి పోకుండా, బయటి దుమ్మూ నీళ్ళూ లోపలికి రాకుండా కాపలా కాయడం దాని ఉద్యోగం.

స్క్రూడ్రైవరు పెట్టి పొడిచాను. కదల్లేదు. సుత్తితో కొట్టాను. సొట్ట పడింది. కోపమొచ్చి మళ్ళీ అక్కడే కొట్టాను. వంకరపోయి మరింత బిగుసుకుంది.

అప్పుడే మా అబ్బాయి వరండాలోకి వచ్చి, నన్నూ సుత్తినీ చూసి, మారుమాట లేకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మూడు వారాలుగా వాడిదదే వరస. ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి ఇంటికొచ్చాడు. "ఎందుకు మానేశావురా?" అని పొద్దున అడిగాను, రాత్రి అడిగాను, అన్నం దగ్గరా అడిగాను. జవాబు రాలేదు సరికదా, వాడిప్పుడు నాతో కలిసి భోంచెయ్యడమే మానేశాడు. "వాడి మానాన వాణ్ణి వదిలెయ్యండి" అంటుంది మా ఆవిడ.

చివరికి వీధి చివరి షెడ్డులోంచి పెద్ద మేస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన మూతను చూసి, "ఎవరి మీద సార్ ఇంత కోపం?" అన్నాడు. చిన్న సుత్తి తీసి మూత అంచు మీద పక్కనించి మెల్లిగా తట్టాడు. హబ్బును కాస్త తిప్పాడు, మళ్ళీ తట్టాడు. అలా నాలుగు చుట్లు తిరిగేసరికి సన్నని సందు కనబడింది. అందులో స్క్రూడ్రైవరు దూర్చి ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం తిప్పాడు. మూత ఆయన అరచేతిలోకి వచ్చేసింది.

"ఒక్క చోటే కొడితే ఆ పక్క లేస్తుంది, రెండో పక్క కరుచుకుంటుంది సార్. చుట్టూ తిరిగి రావాలి. అయినా తియ్యడం ఏం గొప్ప? దీన్నే మళ్ళీ పెట్టుకోవాలి గదా!"

లోపల గ్రీజు నల్లబడి గట్టిపడిపోయింది. దాని మానాన దాన్ని వదిలేసి ఉంటే ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద బేరింగు పోయేదే. కాబట్టి ముట్టుకోకుండా ఊరుకోవడం కూడా దయ అనిపించుకోదు. తెరవాల్సిందే. కాని తెరిచే హక్కు ఎంతవరకు? మళ్ళీ మూసుకోగలిగినంతవరకేనని నాకు తోచింది. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. మూత పాడైతే రేపు దుమ్ము లోపలికి పోతుంది. మనిషి చేత బలవంతాన నిజం చెప్పించవచ్చు. ఆ తర్వాత అతను మన ముందు తలెత్తుకుని తిరగలేకపోతే ఆ నిజం ఎవరికి కావాలి? అసలు మూత బిగుసుకోవడం మూత తప్పు కాదు. అది తిరిగిన రోడ్లు అలాంటివి.

మేస్త్రీ బేరింగును కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు కూరాడు. నట్టు బిగించి కొత్త స్ప్లిట్ పిన్ను వేశాడు. మూతను చెక్క మీద పెట్టి సొట్ట తీసి, చుట్టూ తట్టి కూర్చోబెట్టాడు. సొట్ట పోయింది గాని మచ్చ ఉండిపోయింది. అది నాది.

సాయంత్రం, "బండి ఎలా ఉందో చూద్దాం, వస్తావా?" అన్నాను మా అబ్బాయితో. వచ్చి కూర్చున్నాడు. ఉద్యోగం ఊసెత్తలేదు. వాడున్న ఊళ్ళో ఎండల గురించి అడిగాను, మెస్సులో సాంబారు గురించి అడిగాను. ముక్తసరిగానే అయినా జవాబులొచ్చాయి. కాలవ గట్టు ఎక్కాక, "కాసేపు నేను నడపనా నాన్నా?" అన్నాడు.

బండి ఆపి పక్కకి జరిగాను. చక్రం చప్పుడు చెయ్యడం లేదు. నేనూ చెయ్యలేదు.