శైలి, ముద్ర, అహంకారం

బొమ్మ చూడగానే అది ఫలానావారిదని తెలిసిపోవడాన్నే శైలి అంటారు. ఆన్‌లైన్‌లో డిజైన్లు అమ్ముకునేవారికి ఇది బతుకుతెరువుతో ముడిపడిన విషయం. ఒకే తరహా గీత, ఒకే రంగుల వరస, ఒకే పేరు కొన్నాళ్లపాటు కనబడితేనే కొనేవారికి గుర్తుంటుంది. మరోపక్క ‘చేసేది నేనే’ అనుకోవడం అహంకారం వల్ల కలిగే భ్రమ అని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదురుతుందా అన్నది ప్రశ్న.

మన శిల్పులు పేరు చెప్పుకోలేదని, పనే వారికి ముఖ్యమని ఆనంద కుమారస్వామి వంటివారు రాశారు. ఇది చాలావరకు నిజమే అయినా పూర్తిగా కాదు. కర్ణాటకలోని సోమనాథపురం గుడి శిల్పాల కింద మల్లితమ్మ తన పేరు చెక్కుకున్నాడు. పాలంపేటలో 1213లో గుడి కట్టించినవాడు రేచర్ల రుద్రుడని శాసనం చెబుతుంది. జనం నోట మాత్రం అది రామప్ప గుడి. రామప్ప దాన్ని చెక్కిన శిల్పి అని ప్రతీతి. పేరు పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం రెండూ సంప్రదాయంలో ఉన్నవే.

పదకర్తలు ఈ చిక్కుకు మరో దారి చూపారు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి పేరు, అన్నమయ్య సంకీర్తనల్లో వేంకటేశుడి పేరు ముద్రగా ఉంటాయి. ముద్ర వినగానే కర్త ఎవరో తెలుస్తుంది. అయినా అక్కడున్నది కర్త పేరు కాదు, ఆ పాట ఎవరికి అర్పితమో వారి పేరు. త్యాగరాజు తన పేరే ముద్రగా వాడినా, దాన్ని ఎక్కువగా రాముడికి చేసుకునే విన్నపంలోనే ఇమిడ్చాడు. గుర్తింపు అహంకారంగా మారేదీ లేనిదీ పేరును బట్టి కాక, ఆ పేరు దేన్ని చూపుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది.

శైలి ముందుగా అనుకుని తెచ్చిపెట్టుకునేది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి చేసిన కసిమిలో వెదురు కలం ముంచి గీస్తారు. కరక్కాయ వగరు తగలగానే గీత నల్లబడుతుంది. ఇక దాన్ని చెరపడం కుదరదు. అందుకే చెయ్యి తడబడకుండా గీయడం అలవాటవుతుంది. మచిలీపట్నంలో అదే కలంకారీకి చెక్క అచ్చులు వాడతారు కాబట్టి అక్కడి పువ్వులు, లతలు వేరే క్రమంలో పరుచుకుంటాయి. పనిముట్టు, సరుకు, సాధన కలిసి చేతిలో నిలిచిపోయినదే శైలి. వేదాంతులు వాసన అనేది ఇలాంటి సంస్కారాన్నే.

ఇలా గుర్తుపట్టే శైలే అమ్మకంలో బ్రాండు అవుతుంది. ఆ బ్రాండుకు ధర్మం కూడా ఉంది. స్క్రీన్ ప్రింటు చీరను చేత్తో వేసిన కలంకారీ అని అమ్మితే అది అసత్యమే అవుతుంది. ఫలానా పేరున్న సరుకు ఫలానా పద్ధతిలో తయారైందని హామీ ఇవ్వడమే బ్రాండు పని. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కింద శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు రెండూ నమోదయ్యాయి. ఆ గుర్తింపు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆ ఊళ్ల పనివారందరిదీ. ‘నేను’ లేకుండానే బ్రాండు ఉండగలదని ఇది రుజువు చేస్తుంది.

చిక్కంతా అమ్ముడుపోయిన బొమ్మ దగ్గరే మొదలవుతుంది. ఒక నెమలి బొమ్మకు గిరాకీ పెరిగితే, చెయ్యి కొత్తదారి పట్టబోయినా నెమలినే వేయాలనిపిస్తుంది. అప్పుడు శైలి కళాకారుణ్ని ఏలడం మొదలుపెడుతుంది. మారకుండా నిలిచే ఆత్మ అంటూ లేదని, క్షణక్షణం మారుతూ సాగే సంతతే ఉందని బౌద్ధులు చెబుతారు. శైలికీ ఈ మాట వర్తిస్తుంది. నిన్నటి గీత నుంచి నేటి గీత పుడితే చాలు, రెండూ ఒకేలా ఉండనక్కర్లేదు. కొనేవారికి మాట తప్పకుండా, పని కోరిన మార్పుకు అడ్డుపడకుండా నిలిచినంతకాలం శైలి స్వధర్మమే. పేరు నిలబెట్టుకోవడం కోసమే పని చేయడం మొదలైతే అది బంధం.