నాట్యం నేర్చుకోవడం, నాట్యం చూడటం

ఉద్యోగరీత్యా నేను పది నెలలు బ్యూనస్ ఎయిర్స్ నగరంలో ఉండవలసి వచ్చింది. అక్కడ సాయంత్రాలు టాంగో నాట్యం నేర్చుకున్నాను. విశాఖకు తిరిగి వచ్చాక, జీవితమంతా కార్మికసంఘంలో పనిచేసిన మిత్రుడొకడు యీ సంగతి విని, "ఏం గురూ, అక్కడి కార్మికోద్యమం గురించి నాలుగు ముక్కలు తెలుసుకొస్తావనుకుంటే, దొరల డాన్సు నేర్చుకొచ్చావా?" అన్నాడు. మాటలో వెటకారం ఉన్నా ప్రశ్న న్యాయమైనదే. పరాయి ప్రజల కళను నేర్చుకోవడం వట్టి విలాసమా? లేక దానిలో మంచిచెడ్డలు విచారించవలసిన విషయం ఏమైనా ఉందా?

మొదట, యిది దొరల డాన్సు కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో, బ్యూనస్ ఎయిర్స్, మాంటెవీడియో రేవుపట్టణాల పేదపేటల్లో టాంగో రూపు దిద్దుకున్నది. బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల సంతతివారు, పొలాలు విడిచి వచ్చిన పశువుల కాపరులు, ఇటలీ, స్పెయిన్‌ల నుంచి కూటికోసం ఓడలెక్కి వచ్చినవారు ఒకే వాడలో బతికారు. ఒక గదిలో ఒక కుటుంబం చొప్పున కుక్కిన అద్దెయిళ్లలోనూ, సారాకొట్లలోనూ, వేశ్యావాటికల్లోనూ వాళ్ల పాటలూ అడుగులూ కలిసిపోయాయి. 1907లో అద్దెల పెంపు మీద సమ్మె కట్టి, ఆడవాళ్లూ పిల్లలూ చీపుళ్లు పట్టుకుని వీధుల్లో ఊరేగింది ఆ అద్దెయిళ్లనుంచే. టాంగో సంగీతంలో మహామహుడు ఓస్వాల్దో పుగ్లియేసే 1936లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. తన వాద్యబృందాన్ని సహకార పద్ధతిలో నడిపాడు. ఆయన జైల్లో ఉన్న రోజుల్లో తోటి వాద్యకారులు పియానో మీద ఒక ఎర్రని పువ్వు ఉంచి కచేరీ సాగించేవారు.

యీ కథ చెబితే మిత్రుడి నోరు మూయించవచ్చు. కాని అంతటితో ప్రశ్న తీరదు. ఒక కళ పేదల యింట పుట్టింది గనుక అది ఎవరి చేతిలో ఉన్నా పేదల కళే అనడం తర్కం కాదు. టాంగోను అసహ్యించుకున్న బ్యూనస్ ఎయిర్స్ సంపన్నులే, 1913 నాటికి పారిస్ నగరం దాన్ని నెత్తిన పెట్టుకున్న తర్వాత, తమ మందిరాల్లోకి ఆహ్వానించారు. నాట్యాన్ని ఆహ్వానించారే గాని పేటవాసుల్ని కాదు. మనమేమీ తక్కువ తినలేదు. తరతరాలుగా నాట్యాన్ని కాపాడిన కళావంతుల స్త్రీలకు నింద మిగిల్చి, నాట్యాన్ని మాత్రం కడిగి శుభ్రం చేసి గౌరవకుటుంబాల పిల్లలకు నేర్పించుకున్నాం. కాబట్టి చూడవలసింది కళ పుట్టుక ఒక్కటే కాదు. దాన్ని ఎలా అందుకుంటున్నాం, అందుకున్నవాడికి యిచ్చినవాడితో సంబంధం ఏమిటి అన్నది.

నా అనుభవం చెబుతాను. మాకు నేర్పినావిడకు అరవై దాటాయి. మొదటి నెలంతా ఆమె నాకు నడవడమే నేర్పింది. "నలభై ఏళ్లుగా నడుస్తున్నాను గదా" అనుకున్నాను. రాదని త్వరలోనే తెలిసింది. టాంగోలో ఒకరు దారి చూపుతారు, ఒకరు అనుసరిస్తారు. దారి చూపడమంటే చేత్తో లాగడమని నేననుకున్నాను. కాదు. గుండె వాల్పుతో ఒక సూచన చెయ్యాలి. ఎదుటి మనిషి దాన్ని విని తన అడుగు పూర్తిచేసేదాకా ఆగాలి. అప్పుడే తన అడుగు వెయ్యాలి. జంటలన్నీ గడియారపు ముల్లుకు ఎదురుగా వలయంలో తిరుగుతాయి. ముందు జంట ఆగితే మనమూ ఆగాలి. నా డిగ్రీలూ హోదా అక్కడ ఎందుకూ కొరగాలేదు. తెలిసినవాళ్ల ముందు తెలియనివాడిగా నిలబడటం, నలభై ఏళ్లవాడికి చిన్న శిక్షేమీ కాదు. కాని అలా నిలబడ్డాకే ఆ వాడల మనుషులు నాకు జాలిపడవలసినవారుగా గాక గురువులుగా కనిపించారు.

యిక్కడే నాకు అరకు గుర్తొచ్చి సిగ్గేసింది. విశాఖకు నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో ఆదివాసులు థింసా ఆడతారు. చైత్రమాసపు పండుగలకూ పెళ్లిళ్లకూ ఊరంతా ఆడే ఆట అది. వీపుల వెనక చేతులు కలిపి ఆడవాళ్లు గొలుసులా కదులుతుంటే తుడుమూ, డప్పూ, మోరీ మోగుతాయి. నేను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ హోటలు ఆవరణలో, భోజనం చేసి, కుర్చీలో కూర్చుని. ఒకే రకం చీరలు కట్టిన స్త్రీలు అరగంట ఆడారు. చివరి అయిదు నిమిషాలు మమ్మల్నీ గొలుసులోకి పిలిచారు. ఫొటో తీయించుకున్నాను. ఒక్క అడుగు పేరైనా అడగలేదు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960ల నుంచి ఆ కొండలగుండా బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపుతున్నది. అదే మార్గాన మనం అద్దాల పెట్టెలో కూర్చుని పైకి పోతాం. కిందికి దిగేది రాయి, పైకి పోయేది చూపు. యీ రెండు ప్రయాణాల్లో ఎక్కడా మనం శిష్యులం కాము.

"ఆ ప్రదర్శనే వాళ్లకు నాలుగు డబ్బులు తెస్తున్నది, దాన్నీ ఊడగొడతారా?" అని అడగవచ్చు. ఊడగొట్టమనడం లేదు. చేసిన పనికి కూలి దక్కాలి, యింకా ఎక్కువ దక్కాలి. నేననేది, కూలి చెల్లించినంత మాత్రాన ఋణం తీరదని. చూసేవాడు టిక్కెట్టు చెల్లించి చేతులు దులుపుకోవచ్చు. నేర్చుకున్నవాడికి ఆ వీలు లేదు. ఆ అడుగు వాడి ఒంట్లో ఉంటుంది.

"నేర్చుకోవడం మాత్రం దోపిడీ కాదా? కళావంతుల విషయంలో జరిగింది అదేగా?" అన్నది మరింత బలమైన ఆక్షేపణ. నిజమే. అక్కడ విద్యను తీసుకుని గురువును వెలివేశారు. విద్యతోపాటు గురువు పక్షాన నిలబడే బాధ్యతనూ తీసుకోనివాడు నేర్చుకున్నట్టు కాదు, దొంగిలించినట్టు. థింసా ఆడటానికి నేల కావాలి. అనంతగిరి ప్రాంతంలో ఆదివాసీ భూముల్ని గనుల కంపెనీలకు లీజుకివ్వడాన్ని ఎదిరించిన పోరాటం సుప్రీంకోర్టుదాకా వెళ్లి, 1997లో సమతా తీర్పుగా ఫలించింది. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా అడ్డుకునే 1/70 చట్టం ఆ నేలకు కంచె. థింసా అడుగు నేర్చుకున్నవాడు ఆ కంచె తెగితే నాకేమిటని కూర్చోలేడు. కూర్చుంటే వాడికి వచ్చింది థింసా కాదు, వట్టి కాళ్ల కదలిక.

కాబట్టి మిత్రుడికి నా జవాబు యిది: టాంగో నేర్చుకోవడం తప్పు కాదు. రేవుపేటల మనుషుల ముందు శిష్యుడిగా నిలబడటం నాకు మేలే చేసింది. నా తప్పు వేరే ఉంది. పదిహేను వేల కిలోమీటర్లకు పైగా పోయి శిష్యుణ్ణయిన నేను, నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో యింకా ప్రేక్షకుణ్ణే.