పాచికలు లేని ఆటలో దైవం

చదరంగంలో పాచికలు వేసేది లేదు, ముక్కలు దాచేది లేదు. అరవై నాలుగు గళ్లూ ఇద్దరి కళ్లెదుటే ఉంటాయి. ఇక దైవానికి చోటెక్కడిది? 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్ ఈ ప్రశ్నను గట్టిగానే లేవనెత్తింది.

అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ అప్పటికి చెరి 6.5 పాయింట్లతో ఉన్నారు. ఈ గేమ్‌లో గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువే గానీ, డ్రా ఖాయమనే అందరూ అనుకున్నారు. తెల్లపావులతో ఆడుతున్న డింగ్ 55వ ఎత్తులో రూక్‌ను ఎఫ్2 గడికి తెచ్చాడు. రూక్‌లు మారిపోయాయి. మూలన ఏ8లో ఉన్న తెల్ల బిషప్‌కు ఎదురుగా గుకేశ్ తన బిషప్‌ను డీ5లో నిలిపాడు. ఆ మార్పిడిని తప్పించుకునే గడి తెల్ల బిషప్‌కు లేదు. బిషప్‌లూ పోయాక మిగిలినవి రాజులు, బంట్లు. అక్కడ ఆ ఒక్క బంటే చాలు. 58వ ఎత్తుకు ఆట ముగిసింది, 18 ఏళ్ల గుకేశ్ విశ్వవిజేత అయ్యాడు.

ఎదుటివాడి పొరపాటుతో వచ్చిన గెలుపు ఎవరిది? గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. ఈ ఐదోదాన్ని రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మగా తీసుకున్నారు. శంకరులు మాత్రం కన్ను మొదలైన ఇంద్రియాలకు తోడ్పడే ఆదిత్యాది దేవతలన్నారు. ఈ ఆటకు శంకరుల అర్థమే బాగా అతుకుతుంది. ఆ బిషప్ ఎత్తు డింగ్ కంటికి ఆనలేదు. గుకేశ్‌కైనా వెంటనే తట్టలేదు. వేరే ఎత్తు వేయబోయి ఆగానని తర్వాత ఆయనే చెప్పాడు.

యోగవాసిష్ఠం ఇంత దూరం రాదు. దైవమనేది వేరే లేదు, మునుపటి పౌరుషమే ఆ పేరుతో ఫలిస్తుందంటుంది. డ్రాకు సరిపెట్టుకోకుండా గుకేశ్ గంటల తరబడి ఒత్తిడి పెట్టాడు, డింగ్ గడియారంలో సమయం తరిగిపోయింది. కాబట్టి ఈ వాదంలో పస లేకపోలేదు. అయితే ఒత్తిడి తప్పుకు దారి తీయగలదే గానీ, తప్పును చేయించలేదు. రూక్‌ను కదిపిన చెయ్యి డింగ్‌దే.

తనొక్కడే కర్తననుకునేవాడికి చూపు సరిగా లేనట్టేనని గీత ఆ అధ్యాయంలోనే అంటుంది. ఆ మాట గెలిచినవాడికి ఎంత వర్తిస్తుందో ఓడినవాడికీ అంతే. డింగ్ రూక్ ఎత్తును పిల్లచేష్టగా తీసిపారేసిన మాజీ ఛాంపియన్ క్రామ్నిక్ తీర్పు ఐదు కారణాల్లో ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంది.