వెండి గిన్నెలోని వెలుతురు

తీర్పు తీర్చవద్దని మత్తయి సువార్త 7వ అధ్యాయములో ప్రభువు సెలవిచ్చెను. సమస్తమును పరీక్షింపుడని థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలు వ్రాసెను. ఈ రెండు మాటలు ఒకదానితో ఒకటి ఎట్లు పొసగును? పరీక్షించువాడు తీర్పు తీర్చకుండ ఎట్లుండగలడు? సంఘ పెద్దల కూటములలో కూర్చుండినవారికి ఈ చిక్కు బాగుగ తెలియును. దీనినిగూర్చి ఆలోచించినప్పుడెల్ల మాకు ఒక చిన్న వెండి గిన్నె జ్ఞాపకమునకు వచ్చుచుండును.

ఫ్రాన్సు దేశములో బర్గండీ అను ద్రాక్షతోటల సీమ గలదు. అచ్చట ద్రాక్షారసమును నేలమాళిగలలో చెక్క పీపాలయందు నెలల తరబడి నిలువయుంచెదరు. పూర్వము ఆ మాళిగలలో క్రొవ్వొత్తి వెలుతురే గతి. ఆ మసకలో రసము తేటగానున్నదో మడ్డిగానున్నదో చూచుటకు తోటల యజమానులును వర్తకులును వాడిన గిన్నె యిది. వెడల్పు సుమారు మూడంగుళములు, లోతు అంగుళమునకు మించదు. లోతైన పాత్రలో ఎఱ్ఱని రసము నల్లగానే కనబడును గదా! గిన్నె లోపల ఒక ప్రక్క గుండ్రని గుంటలు, రెండవ ప్రక్క సన్నని చాళ్లు చెక్కియుండును. దీపము దగ్గర పట్టి కొంచెము వంచినయెడల ఆ గుంటలును చాళ్లును వెలుతురును పట్టి, పలుచని రసముగుండ పైకి పంపును. ఎఱ్ఱ రసమునకు గుంటల ప్రక్క, తెల్ల రసమునకు చాళ్ల ప్రక్క. వెండిది గనుక పగులదు. జేబులో వేసికొని పోవచ్చును. కొన్నిటి అంచున సొంతదారుని పేరు చెక్కియుండును. కొన్నిటి పిడి పాము ఆకారముననుండును. ఆ పని చేసిన కంసాలి మనస్సులో ఏమున్నదో గాని, మాకు మాత్రము అది తగినదిగానే తోచుచున్నది.

త్రాగుడు మానిన మన సంఘములలో ఈ గిన్నె మాట యెందుకని కొందరడుగవచ్చును. గిన్నెలో తళతళలాడు రసమువైపు చూడవద్దని సామెతల గ్రంథము 23వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరికను మేము మరువలేదు. అయితే పరీక్షించువాడు త్రాగుటకు కూర్చుండడు. ఒక గుక్క నోట పోసికొని, నాలుకపై త్రిప్పి, ఉమ్మివేయును. అంతటితో ఆ పీపా గతి తేలిపోదు. నేడు పులుపుగానున్నది కొన్ని నెలలకు మెత్తబడవచ్చును. అందుచేత అదే పీపాయొద్దకు మరల మరల వచ్చి రుచిచూచెదరు.

1934లో, రసము అమ్ముడుపోని కష్టకాలమున, బర్గండీలోని న్యూయి సేన్ జార్జ్ అను ఊరివారు ఒక సమాజము స్థాపించి, దానికి ఈ గిన్నె పేరే పెట్టుకొనిరి. దాని సభ్యులు ఎఱుపును బంగారు వన్నెయునైన పట్టీతో గిన్నెను మెడలో ధరించెదరు. మాళిగలకు విద్యుద్దీపములు వచ్చినవి. నేడు పరీక్షకు ఎక్కువగా గాజు పాత్రనే వాడుచున్నారు. వెండి గిన్నె చాలచోట్ల రొమ్ముమీది నగయైనది. మనలోను "పెద్ద" అను పేరు కొందరి మెడలో ఇట్లే వ్రేలాడుట లేదా?

కానాలోని విందు ప్రధానిని చూడుడి. నీళ్లు ద్రాక్షారసమైన తరువాత అతడు రుచిచూచి మంచిదనెను. రసమునుగూర్చి అతని మాట సరియైనదే. కాని అది పెండ్లికుమారుడు దాచియుంచినదని తలంచెను. రుచి తెలిసిన నాలుకకు ఇచ్చినవాడెవరో తెలియలేదు. నీళ్లు మోసిన పరిచారకులకు తెలిసెను. యోసేపు వెండి గిన్నె బెన్యామీను గోనెలో దొరికినప్పుడును అంతే. గోనెలో గిన్నెయుండుట నిజము. బెన్యామీను దొంగయగుట నిజము కాదు.

గోనె మాట వచ్చినది గనుక మా తప్పిదము కూడ చెప్పవలెను. చాల ఏండ్ల క్రిందట కోత పండుగనాడు ఒక సహోదరుడు ధాన్యపు సంచి తెచ్చి బల్లయెదుట పెట్టెను. పెద్దలమైన మేము అందులో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి చూచితిమి. సగము తాలు, మిగిలినది రంగుమారిన గింజ. గింజనుగూర్చి మేము చెప్పినది నిజమే. అంతటితో ఆగక, దేవునికి పనికిమాలినది తెచ్చితివని అందరియెదుట అంటిమి. అతడు మారు పలుకక సంచి భుజాన వేసికొని వెళ్లిపోయెను.

వారము దినములైన తరువాత పాస్టరుగారితో కూడ అతని యింటికి వెళ్లితిమి. అతడు కౌలుకు చేసిన చేను ఏటి అవతలనున్నది. తుఫానుకు అది మునిగిన సంగతి మాకు తెలియలేదు. మేము అడుగనూ లేదు. రోటియొద్ద చాటలో అదే రంగు బియ్యము కనబడెను. "కూర్చోండి అయ్యగారూ, భోంచేసి వెళ్లండి" అని అతని భార్య ఆ బియ్యముతో వండిన అన్నమే మాకు వడ్డించెను. ముక్కవాసన వచ్చుచుండెను. తింటిమి. ఆ సంచిని మరల మందిరమునకు తెమ్మని అతని చేతులు పట్టుకొని బతిమాలితిమి.

"తెస్తానయ్యా, కాని సగమే మిగిలింది" అనెను.